పక్కచూపు

సాపు పని సగమయ్యేసరికి నాంచారమ్మ ఎడమకంటికి అంటించుకున్న పొరలో రెండు మళ్ళు ఇంకా నారింజ రంగులోనే మెరుస్తున్నాయి. దగ్గరిది అంకాలరావుది. మేత ఆపమని జట్టుమాట వచ్చాక కూడా ఆయన ఇంకో దోసెడు చల్లాడు. ఆమె పడవను నీటిపై తేలే ఆయన మడి అంచుకు ఆనించింది.

“బాబాయ్, అందరూ ఆపారు. నువ్వెందుకు చల్లావ్?”

“చెయ్యి అలవాటమ్మా.”

“అందరికీ ఉంటే అలవాటు. నీ ఒక్కడికే ఉంటే రోగం.”

అంకాలరావు నవ్వి బేసిన్ కింద పెట్టాడు. పొరలో ఆయన మడి నారింజ పోయి పచ్చబడింది, జట్టులో కలిసినట్టు. సాపుమనిషిగా ఆమె ఉద్యోగం అంతే. ఎత్తున్నచోట అదమడం, పల్లమున్నచోట పూడ్చడం.

సముద్రం పైకొచ్చి దివి ఊళ్ళన్నీ ఉప్పునీటి కింద మునిగి ఉన్నాయి. వాటి పైకప్పుల మీదుగా తేలుమళ్ళు, మళ్ళ నిండా రొయ్యలు. ఏ మడి నీళ్ళు ఆ మడివే, అడుగున నీళ్ళు చొరని పట్టా కుట్టి ఉంటుంది. జట్టుమాట ఎవరూ చెప్పేది కాదు. సగానికి మించి మళ్ళవాళ్ళు ఒక పని చేస్తే అదే మాటై అందరి కళ్ళలోకి దిగుతుంది. మామూలు మాటకు తిరగబడితే శిక్ష లేదు. పక్కవాళ్ళ మళ్ళు ఏ రంగులో ఉన్నాయో కంటి పొర చూపిస్తుంది, అంతే. మనిషిని తోలడానికి కర్ర అక్కర్లేదు, పక్కింటి గుమ్మం చూపిస్తే చాలునని దాన్ని తయారుచేసినవాళ్ళకు బాగా తెలుసు.

రెండో నారింజ మడి శేషారత్నానిది. అది ఎప్పుడూ నారింజే.

శేషారత్నం నాంచారమ్మకు తోడికోడలు, చిన్నది. కంటి పొర తీసి పడవ చెక్కకు అంటించి, పని మొదలుపెడుతుంది. అడిగితే “కళ్ళు మండుతున్నాయక్కా” అంటుంది. పోయిన పంటలో ఆమె రొయ్యకు వచ్చిన కౌంట్, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క, ఈ చుట్టుపక్కల ఎవరికీ రాలేదు. అత్తగారు “చిన్నదాని చెయ్యి మంచిది” అంది. నాంచారమ్మ మొగుడు కూడా అదే మాట అన్నాడు. ఆ పూట కూరలో ఉప్పు దానంతటదే ఎక్కువైంది.

పైకి జట్టుమాట మనిషే గానీ, నాంచారమ్మ కనిపెట్టుకుని ఉండేది ఆ ఒక్క మడినే. శేషారత్నం నీళ్ళకు గాలి కొట్టే ఏరియేటర్లు ఆపితే తను తిప్పేది. ఆమె మేత తగ్గిస్తే తను పెంచేది. ఆ తరవాత ఎవరూ చూడకుండా ఇద్దరి కౌంట్లూ పక్కపక్కన పెట్టి చూసుకునేది.

అంకాలరావు మడి దాటుతుండగా కంటిలో పెద్ద మాట దిగింది. పట్టుబడి. అన్ని మళ్ళ రొయ్యా పట్టెయ్యాలి. ఈ పూటే.

తూర్పున ఎవరి మడిలోనో తెల్లమచ్చ తెగులు కనిపించింది. వాడు పట్టాడు. వాణ్ణి చూసి పక్కవాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. సగం దాటింది. ఇంకా ఎదగని రొయ్యను ఇప్పుడు పడితే మేతపొడికి తప్ప ఎందుకూ పనికిరాదు. నాంచారమ్మ మడిలో ఈ యేటి కష్టమంతా ఉంది. అంతలోనే ఇంకో ఆలోచన వచ్చి ఆ దిగులును తోసేసింది.

శేషారత్నం పట్టదు. చచ్చినా పట్టదు. పట్టుబడి మాట ఒక్కటే వేరు, దాన్ని కాదన్నవాళ్ళ మడిని సాపుతాళంతో తెరిచే హక్కు సాపుమనిషికుంది. తాళం తిప్పితే చాలు, రొయ్య మొత్తం పీల్చుగొట్టంలోకి పోతుంది. ఇన్నేళ్ళలో ఆ అవకాశం ఒక్కసారీ రాలేదు. నాంచారమ్మ పడవ ఇంజన్‌ను మొరాయించేదాకా తిప్పింది.

తీరా వెళ్ళేసరికి శేషారత్నం నడుములోతు నీళ్ళలో నిలబడి వల లాగుతోంది.

“ఏంటే, నువ్వు కూడా పడతన్నావా?”

“పట్టక ఏం చేస్తాను? చూడు.” శేషారత్నం రొయ్యను చూసుకోడానికి నీళ్ళలో వేలాడదీసిన చెక్‌ట్రే ఎత్తింది. రొయ్యలు కదల్లేదు. తలచిప్పల మీద ఆవగింజలంత తెల్లమచ్చలు, పేగులు ఖాళీ. “పొద్దున్నే అంచులకొచ్చి నిలబడ్డాయి. అప్పుడే తెలిసిపోయింది.”

“అయితే జట్టుమాట నిజమేగా! ఇన్నాళ్ళకి ఒప్పుకున్నావ్.”

“జట్టు సంగతి నాకెందుకక్కా? నా మడి సంగతి చెప్తన్నా. నీయి ఎలా ఉన్నాయి?”

“పట్టమని వచ్చిందిగా.”

“నేనడిగింది అది కాదు. ట్రే ఎత్తావా?”

ట్రే ఎత్తి ఎన్నాళ్ళయిందో నాంచారమ్మకే గుర్తు లేదు. ఆమె చూసేది రంగునే గానీ రొయ్యను కాదు.

“వెళ్ళి చూసుకో. ఆ తాళం నా కోసమే తెచ్చావని నాకు తెలుసులే. ఇవాళ నీకా పని లేకుండా పోయింది, పాపం.”

మాట చురుక్కుమంది. తిరిగి వస్తుంటే పడవ బరువెక్కినట్టుంది. ఇన్నాళ్ళూ ఊరు ఒకవైపు, శేషారత్నం ఒకవైపు. ఊరితో ఉంటూ ఆమెకు ఎదురు నడిస్తే సరిపోయేది. ఇవాళ ఇద్దరూ ఒకేవైపు ఉన్నారు. చూడడానికి నాంచారమ్మకు పక్కే లేకుండా పోయింది.

తన మడి దగ్గర ట్రే ఎత్తింది. రొయ్యలు చిటపటా ఎగిరాయి. ఒకటి వచ్చి గడ్డానికి తగిలింది. పేగులు నిండుగా నల్లదారాల్లా ఉన్నాయి. చిప్ప గట్టిగా ఉంది. రెండో మూల ట్రే ఎత్తింది, మూడోది ఎత్తింది. ఎక్కడా మచ్చ లేదు.

కంటి పొరలో చుట్టూ మళ్ళన్నీ పచ్చబడుతున్నాయి. తనది ఒక్కటే నారింజ. పట్టకపోతే ఉద్యోగం ఊడుతుంది. రేపు వీటికీ మచ్చ వస్తే పొడికి కూడా మిగలవు. ఊరంతా నవ్వుతుంది, అందరికన్నా ముందు శేషారత్నం నవ్వుతుంది. ఆమె నా చోట ఉంటే ఏం చేసేదని అలవాటుగా అనుకుంది. ఏం చేసేది? ఎవర్నీ అడిగేది కాదు.

నాంచారమ్మ తన మడి పీల్చుగొట్టం మూతికి తాడు చుట్టి బిగించి ముడేసింది.

పొర అడిగింది: యంత్రలోపమా? అనారోగ్యమా? మరుపా?

“చూశాను,” అంది.

పొర మళ్ళీ అవే మూడూ అడిగింది.

సాపుమనిషి మడి అందరి కళ్ళలోనూ మొదటి గడి. అది నారింజలోనే ఆగిపోయేసరికి చుట్టుపక్కల వలలు లాగే చేతులు తడబడ్డాయి. అంకాలరావు కేకేశాడు.

“నాంచారీ! నీది తేడాగా ఉందేంటే? పొద్దున నాకు రోగమన్నావ్!”

“నాకూ అంటుకుంది బాబాయ్.”

“హాస్యాలాపు. పట్టాలా వద్దా?”

“నన్నడిగితే ఏం తెలుస్తుంది? నీ ట్రే ఎత్తి చూసుకో.”

“చెప్పే ఉద్యోగం చేస్తా చెప్పనంటావేంటే!” అని తిట్టుకుంటూనే ఆయన వంగి ట్రే ఎత్తాడు. చాలాసేపు చూసి వల వదిలేశాడు. అవతల ఒకావిడ ట్రే చూసి ఏడుస్తూ వల ఇంకా గబగబా లాగింది. ఇంకొకడు ఆపాడు. ఒకటి పచ్చ, ఒకటి నారింజ, మళ్ళీ పచ్చ. ఇక ఏ రంగూ సగం దాటి నిలవలేదు. కంటి పొరలో దిగిన జట్టుమాట చెరిగిపోయి, ఆ చోటు ఖాళీగా ఉండిపోయింది.

కాస్త దూరంలో శేషారత్నం ఖాళీ వల భుజాన వేసుకుని ఇటే చూస్తోంది. నాంచారమ్మ మడిలో ఎగిరిపడుతున్న రొయ్యలనే చూస్తోంది. ఆ చూపు నాంచారమ్మకు కొత్త కాదు. ఇన్నేళ్ళూ తను మోసిందే. ఎప్పటికైనా దాన్ని ఆమె ముఖంలో చూడాలని ఎంత కోరుకుందో! తీరా చూశాక తనే ముందు కళ్ళు దించుకుంది. శేషారత్నం తల తిప్పుకుని పడవెక్కింది.

మేత వేళయింది. నాంచారమ్మ బేసిన్ అందుకుని దోసెడు తీసింది. ఎంత చల్లాలో కంటిలో ఎవరూ చెప్పలేదు. అటూ ఇటూ చూసింది. అందరూ తమ తమ నీళ్ళలోకి వంగి ఉన్నారు. ఆమె కూడా మోకాళ్ళ మీద కూర్చుని, దోసిలి అలాగే పట్టుకుని, నీళ్ళలోకి చూసింది.