మురుగునీటి సాక్ష్యం

"అమ్మా, ఈసారి నిజంగా అంతా టాయిలెట్‌లో పోసేశాను, నమ్మవే" అని మెట్ల మీద కూర్చుని కూతురు ఏడుస్తున్నా ఆమె తలుపు తీయలేదు. ఎలా నమ్ముతుంది? ఒట్టు పెట్టి ఇదే మాట అన్న ప్రతిసారీ, ఏ దిండు గలీబులోంచో మళ్ళీ ఆ మత్తు పొడి బయటపడుతూనే వచ్చింది. చివరికి ఆమె చెల్లెలు వచ్చి పిల్లను తన ఇంటికి తీసుకెళ్ళింది. భర్త పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే. ఇప్పుడు ఒక్కతే...

తెల్లవారాక గ్లవుజులు తొడుక్కుని పనికి వెళ్ళింది. ఏ పేటలో మత్తుమందుల వాడకం పెరుగుతోందో, ఎక్కడ తగ్గుతోందో మురుగునీటిని పరీక్షించి కనిపెట్టే ఆఫీసు వాళ్ళది. రాత్రీ పగలూ కాలువలోంచి కొంచెం కొంచెం నీళ్ళు పట్టే పెట్టెను విప్పి, సీసాలు ల్యాబుకు చేర్చడం ఆమె వంతు. ఆ నీళ్ళు ఏ ఇంటివో ఎవరికీ తెలియదు, అడగకూడదు కూడా. ఆ వారం ఆమె ఉండే పేట నీళ్ళే పట్టారు.

ఫలితం వచ్చిన రోజు ల్యాబు కుర్రది నవ్వుతూ పిలిచింది. "అక్కా, మీ పేటలో ఎవరో పుణ్యాత్ములు కాలువకు దానం చేశారు."

"అంటే?"

"ఒంట్లోంచి వచ్చిన మందైతే సగానికి సగం రూపు మారిపోయి వస్తుంది. ఇది మారనే లేదు. ఎవరూ వాడలేదక్కా, పారబోశారు. దీన్ని లెక్కలోంచి తీసేస్తున్నాం."

ఆమె సీసా మీద తేదీ చూసింది. కూతురు మెట్ల మీద ఏడ్చిన రోజుది.

సాయంత్రం చెల్లెలి ఇంటికి వెళ్ళేసరికి పిల్ల వరండాలో గోడకానుకుని కూర్చుని ఉంది. జరిగింది చెప్పి, "ఇంటికి పోదాం రా తల్లీ" అంది ఆమె.

పిల్ల తలెత్తి చూసింది. "నేను చెబితే నమ్మలేదు. మురుక్కాలువ చెబితే నమ్మావా అమ్మా?"

తల్లి వెళ్ళి పక్కనే నేల మీద కూర్చుంది.

"నేను రాను. రేపు పిన్ని ఆసుపత్రికి తీసుకెళ్తానంది. మళ్ళీ మొదలుపెడితే నీ కాలువే నీకు చెబుతుందిలే."

"అది చెప్పినా ఇంక వినను. నువ్వే చెప్పు... మంచైనా, చెడైనా."

లోపల పిన్ని గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

"పొద్దుటి నుంచి చేతులు వణుకుతున్నాయమ్మా" అంది పిల్ల. "కావాలనిపిస్తోంది."