చెంగల్రాయుడి గడియారం

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో మునిరత్నమ్మ దోసెలు పోస్తూ ఉంటే వాకిట్లో చెల్లెలి గొంతు వినబడింది. వడమాలపేట నుంచి మొదటి బస్సుకే వచ్చేసింది సుబ్బులమ్మ. చంకలో మామిడిపళ్ళ గంప. బొగ్గుతో నడిచే బస్సు కావడంతో చీర చెంగంతా మసి. అయినా ముఖం వెలిగిపోతూ ఉంది.

“అక్కా! మన రాయుడు బి.ఏ. అయిపోయినాడంట గదా! మా ఊరి బడి అయ్యవారు పేపర్లో సూసి సెప్పినాడు. ఊరంతా మా ఇంటి ముందరే నిలబడిండారు!”

“నెంబరు సూసినాక మీ బావ అంగడి కూడా తెరవలేదు. వీధి వీధంతా తిరిగి సెప్పొచ్చినాడు. కూసో, కాఫీ కలుపుతా.”

యుద్ధం ముగిసి ఏడాది కావస్తున్నా బియ్యానికీ బట్టకూ ఇంకా వరసలో నిలబడే రోజులే. ఆ ఇంట్లో మాత్రం రెండు రోజులుగా పండగ. చెంగల్రాయుడు సుబ్బులమ్మ నాలుగో కొడుకు. వానలు లేక ఊళ్ళో తిండికే కష్టమైన ఏడాది, ఐదేళ్ళ పిల్లవాణ్ణి చదువు కోసమని అక్క ఇంటికి పంపింది. మునిరత్నమ్మకు పిల్లలు లేరు. ఆమె భర్త గంగాధరానికి ఇత్తడి పాత్రల అంగడి ఉంది. పిల్లవాడు అక్కడే పెరిగి, అక్కడి నుంచే మద్రాసు వెళ్ళి చదువుకున్నాడు. చిత్తూరు కలెక్టరాఫీసులో ఉద్యోగం కూడా దొరికింది. వచ్చే సోమవారమే చేరాలి.

సుబ్బులమ్మ కాఫీ గ్లాసు చెంగుతో పట్టుకుని పొయ్యి పక్కనే చతికిలబడింది.

“వాడికి ఏదైనా కొనియ్యాలక్కా. నాలుగు నాళ్ళు కట్టి చింపేసే గుడ్డలు కాదు. బతుకంతా వాడికాడ ఉండిపోయేది ఏదన్నా. అందుకే నీకాడికి వచ్చినా. వాడికేమిష్టమో నీకే గదా తెలుసు.”

“ఏమనుకుంటాండావు?”

“ఉంగరం?”

“ఉంగరం పెట్టడు వాడు. వేలికి బిగుతుగా ఉంటే గంటలో తీసి యాడనో పారేస్తాడు.”

“కోటు కుట్టిస్తే?”

“ఈ ఎండలకా? మద్రాసులోనే తొడగలేదు.”

“పోనీ వెండి చెంబు?”

“చెంబెత్తుకోని ఆఫీసుకు పోతాడా ఏందే!”

ఇద్దరూ పగలబడి నవ్వారు. కానీ సుబ్బులమ్మ నవ్వు ముందుగా ఆగిపోయింది. అడిగినదానికల్లా అక్క దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. తన కడుపున పుట్టినవాడు ఏం తొడుగుతాడో, ఏం పారేస్తాడో తనకు ఒక్కటీ తెలియదు. గ్లాసు కింద పెట్టి, అప్పటిదాకా దాచుకున్న మాట బయటపెట్టింది.

“అయితే చేతి గడియారం కొంటానక్కా. మా అయ్యవారికి ఉండాది. మాటిమాటికీ చెయ్యి తిప్పి సూసుకుంటాడు. రాయుడూ అట్లనే సూసుకుంటాడు. సూసినప్పుడల్లా మా యమ్మ ఇచ్చింది అనుకుంటాడు.”

పెనం మీద దోసె మాడిపోయింది. మునిరత్నమ్మ దాన్ని గీకి పక్కన వేస్తూ, “గడియారం వద్దు,” అంది.

“ఎందుకు?”

“వద్దంటే వద్దులేవే. ఇంకేమన్నా సూద్దాం.”

“నువ్వేమిస్తాండావు వాడికి?”

“నేనింకా ఏమీ అనుకోలేదు.”

సుబ్బులమ్మ చాలా మెల్లగా అడిగింది. “నేనిచ్చింది వాడి చేతి మీద ఎప్పుడూ కనబడతా ఉంటే నీకు కష్టంగా ఉండాదా అక్కా?”

“ఎంత మాటన్నావే!” మునిరత్నమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

ఆ మాటలు విని గంగాధరం లోపలికి వచ్చాడు. “ఏంది, గడియారమా? బాగుంటాది గదమ్మా సుబ్బులూ! మన గురప్ప అంగట్లో మంచివి...” అని భార్య వైపు చూసి చటుక్కున ఆగిపోయాడు. “వద్దులే. ఉంగరమే కొనమ్మా,” అని గొణిగి బయటికి వెళ్ళిపోయాడు.

సుబ్బులమ్మ ఇద్దరినీ గమనించింది. తనకు తెలియనిదేదో ఈ ఇంట్లో ఉంది. అడుగుదామని నోరు తెరిచేసరికి రాయుడు వీధిలోంచి వచ్చాడు. తల్లిని చూసి గబగబా వచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. ఎప్పటిలాగే మర్యాదగా, కొంచెం దూరంగా నిలబడి, “బాగుండావా అమ్మా? నాయన బాగుండాడా?” అని అడిగాడు. ఇంటికి వచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు ఉండే ఆ పలకరింపు సుబ్బులమ్మకు అలవాటే. చదువుకున్న పిల్లవాడి పద్ధతి అనుకునేది.

“ఇట్ల రా నాయనా. ఎడమ చెయ్యి ఇయ్యి.”

అక్క వద్దన్నా సరే, గడియారం పట్టీకి కొలత తీసుకుందామని గంపకు కట్టిన దారం విప్పి, చొక్కా చెయ్యి పైకి తోసి, మణికట్టు చుట్టూ వేసింది. ఆమె వేళ్ళ కింద ఎముక ఒకటి గట్టిగా, వంకరగా పొడుచుకుని తగిలింది. తడిమి చూసింది. రాయుడు కొద్దిగా మొహం చిట్లించాడు.

“ఇదేందిరా?”

“అదేనమ్మా, విరిగింది గదా. కట్టు కట్టించినా అంత సక్కగా కుదరలేదు. ఇప్పుడు కూడా నొక్కితే నొస్తాది.”

“విరిగిందా? ఎప్పుడు?”

రాయుడు వింతగా చూశాడు. “మూడో క్లాసులో. జామచెట్టు మీదనించి పడితే పెద్దమ్మ పుత్తూరికి ఎత్తుకోని పోయి కట్టు కట్టించలేదా? నీకు సెప్పి పంపించినారు గదమ్మా.”

సుబ్బులమ్మ కొడుకు చెయ్యి వదలకుండానే అక్క వైపు తిరిగింది. మునిరత్నమ్మ గోడకు చేరగిలబడి నేల చూస్తూ ఉంది.

“నాకెవురూ సెప్పలేదు నాయనా,” అంది సుబ్బులమ్మ.

“సెప్పలేదా?” రాయుడి గొంతు మారింది. “నేను దినమ్మూ అడగతా ఉంటి, అమ్మ వస్తాందా అని. సెప్పి పంపినాము, పనులుండాయంట అనింది పెద్దమ్మ. నువ్వు రాలేదు. నేను... సరేలే, అమ్మకు ఇంకా ముగ్గురుండారు, నేనెందుకు గుర్తుంటాను అనుకున్నా.”

ఆ మాటకు సుబ్బులమ్మ ముఖం తెల్లబోయింది. ఇన్నేళ్ళ ఆ మర్యాద, ఆ దూరం దేనివల్లో ఇప్పుడు తెలిసింది. లేచి నిలబడింది.

“పుత్తూరికి పోవాలంటే మా ఊరి మీదనే గదక్కా పోవాలి? నా బిడ్డ చెయ్యి విరిగి ఏడస్తా ఉంటే నా ఇంటి ముందరే ఎత్తుకోని పోయినావు. దిగలేదు. వస్తా కూడా దిగలేదు. నా బిడ్డతో నాకు పనులుండాయని సెప్పినావు!”

“సుబ్బులూ...”

“నేను పెంచేదానికి ఇచ్చినానక్కా. వాడి మనసులోనించి నన్ను తీసెయ్యమని ఇయ్యలేదు.”

గంప అక్కడే వదిలి వాకిలి వైపు నడిచింది. గంగాధరం అడ్డం వచ్చి నిలబడ్డాడు. అప్పుడు మునిరత్నమ్మ నోరు తెరిచింది.

“తిట్టు. కొట్టినా పడతా. ఒక్క మాట మాత్రం విని పో. పుత్తూరులో కట్టు కట్టే ఆయప్ప ఎముక లాగి సరిచేస్తా ఉంటే వీడు నా ఒళ్ళోనే ఉండాడు. నా మెడ గట్టిగా పట్టుకోని ఉండాడు. నన్ను పట్టుకోనే ‘అమ్మా’ అని అరిచినాడు. పెద్దమ్మా అనలేదు. నాలుగేళ్ళు నేను తినిపించి, నేను నిద్రపుచ్చి... నొప్పి పుట్టేసరికి వాడికి నువ్వే గుర్తొచ్చినావు.”

సుబ్బులమ్మ గడప దగ్గర ఆగింది.

“తిరిగొచ్చేటప్పుడు బస్సు మీ ఊళ్ళో నిలబడింది, ఇంజనుకు నీళ్ళు పోసేదానికి. మీ ఇంటి సందు కనబడతా ఉండాది. వీడు నిద్రపోతా ఉండాడు. లేస్తే దిగి పరిగెత్తతాడని వాడి ముఖం మీద నా చెంగు కప్పినా. దిగాలనే అనుకుంటి. నువ్వు ఆ చెయ్యి సూస్తే ‘నా బిడ్డను సరిగ్గా సూసుకోలేదే’ అని అట్లనే లోపలికి ఎత్తుకోని పోతావని బయపడినా. వీడు లేకుండా నా ఇంటికి నేనెట్ల తిరిగొచ్చేది? ఆ తర్వాత సెప్పాలనుకుంటే, ఇన్నాళ్ళు ఎందుకు సెప్పలేదంటావని బయం. అట్లనే ఇన్నేండ్లు అయిపోయింది.”

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. రాయుడు పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి పక్కనే కూర్చున్నాడు. కోపం వచ్చిందో జాలి వేసిందో అతనికే తెలియలేదు.

“కట్టు విప్పేదాకా నువ్వు పడుకోనే లేదు గదా పెద్దమ్మా,” అన్నాడు చివరికి. “నా చెయ్యి కదలకూడదని ఒళ్ళో దిండు పెట్టుకోని, దాని మీద నా చెయ్యి పెట్టుకోని, గోడకానుకోని కూసొనే నిద్రపోతా ఉంటివి. అది నాకు గుర్తుండాది.”

సుబ్బులమ్మ వెనక్కి వచ్చింది. అక్క ఎదురుగా కూలబడింది.

“నువ్వనుకున్నట్టే చేసుంటానక్కా,” అంది. “ఆ చెయ్యి సూసుంటే వాణ్ణి ఎత్తుకోని లోపలికి పోయి తలుపు మూసేసుంటా. వాడు ఈపొద్దు మడక దున్నతా ఉంటాడు.” కళ్ళు తుడుచుకుంది. “నిన్ను తిట్టాలనీ ఉండాది, నీ కాళ్ళు పట్టుకోవాలనీ ఉండాది. ఏది ముందు చెయ్యాల్నో తెలియడంలేదు.”

“తిట్టవే. తిడితేనే నాకు బాగుంటాది.”

“ఇంట్లో ఆముదం ఉండాదా?”

“ఎందుకు?”

“తెచ్చియ్యి, సెప్తా.”

మునిరత్నమ్మ ఆముదం తెచ్చి ఇచ్చింది. సుబ్బులమ్మ కొడుకు మణికట్టును ఒళ్ళో పెట్టుకుని, ఆ వంకర ఎముక మీద నూనె వేసి మెల్లగా రుద్దసాగింది.

“ఎప్పుడో విరిగిన చేతికి ఇప్పుడు పూస్తే ఏం లాభమమ్మా?” అన్నాడు రాయుడు నవ్వబోతూ. తల్లి భుజం మీద తల పెట్టుకున్నాడు. పసితనం దాటాక అతను అలా చేయడం అదే మొదటిసారి. సుబ్బులమ్మ రుద్దడం ఆపలేదు. కన్నీళ్ళు కూడా ఆ నూనెలోనే పడుతున్నాయి. మునిరత్నమ్మ లేచి అవతలికి వెళ్ళిపోబోతే, చెల్లెలు రెండో చేత్తో ఆమె చెంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

సాయంత్రం ముగ్గురూ గురప్ప గడియారాల అంగడికి వెళ్ళారు. చేతి గడియారాలున్న అద్దాల పెట్టె వైపు సుబ్బులమ్మ చూడనే లేదు.

“పాతకాలం దొరలు గొలుసు కట్టి జేబులో పెట్టుకుంటారే, అట్లాంటిది ఉండాదా అన్నా?”

“జేబు గడియారమా? ఉండాదమ్మా. కానీ ఈ కాలం పిలకాయలు చేతికే అడగతారే!”

“మావాడికి చేతికొద్దు. గుండెకాడ ఉండనీ.”

గురప్ప గుండ్రటి వెండి గడియారం తీసి, కీ తిప్పి, చెవి దగ్గర పెట్టి విని ఆమెకు అందించాడు. సుబ్బులమ్మ దాన్ని అక్క చేతిలో పెట్టింది.

“నువ్వే వాడి జేబులో పెట్టక్కా.”

“నీ కానుక గదే. నువ్వే పెట్టు.”

“పెద్దదానివి ఉండంగా నేనెట్ల పెడతా?”

“కన్నదానివి ఉండంగా నేనెట్ల పెడతా?”

“మీరు తేల్చుకునేలోగా నా ఉద్యోగం అయిపోయి పింఛను వస్తాది,” అన్నాడు రాయుడు. గడియారం వాళ్ళ చేతుల్లోంచి తీసుకుని జేబులో వేసుకుని, గొలుసు గుండీకి తగిలించుకున్నాడు. గురప్ప కూడా నవ్వాడు.

మరునాడు రాయుడు పెద్దమ్మతో అన్నాడు. “ఉద్యోగంలో చేరేలోగా నాలుగు నాళ్ళు ఊళ్ళో ఉండొస్తా. నువ్వు కూడా రా పెద్దమ్మా.” మునిరత్నమ్మ అంగడి అంది, వంట అంది, మీ పెదనాయన ఒక్కడే అంది. గంగాధరం “నేను వండుకుంటాలే, పో,” అని సంచి తెచ్చి చేతికిచ్చాడు.

బస్సు వడమాలపేటలో ఆగింది. రాయుడు సంచులతో ముందు దిగాడు. సుబ్బులమ్మ దిగింది. మునిరత్నమ్మ తలుపు దాకా వచ్చి మెట్టు మీద నిలబడిపోయింది. ఎదురుగా ఆ సందు. సందు చివర చెల్లెలి ఇల్లు. ఆమె కాలు ముందుకు రాలేదు. డ్రైవరు హారను కొట్టాడు.

సుబ్బులమ్మ కింద నుంచి చెయ్యి చాపింది.

“దిగక్కా,” అంది. “ఇల్లు ఈడనే ఉండాది.”