మునగని దెబోరా

సోమవారం పొద్దున ఆఫీసు తాళం ఇంకా అనూహ్య చేతిలోనే ఉంది, ఒక యువతి మీటరు పొడవున్న యుద్ధనౌకను చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. మేడ్చల్‌లో జిరాక్సు షాపు పైనున్న ఆ గదికి బెదిరిపోయి వచ్చేవాళ్లే ఎక్కువ. ఈమె వాలకం చూస్తే ఎవరితోనో తేల్చుకోవడానికి వచ్చినట్టుంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. నౌకను డిటెక్టివ్ లింగస్వామి బల్ల మీద దింపి, పక్కన ఒక కాగితం పడేసింది.

"నా పేరు మనీషా సార్. లాల్‌గడి మలక్‌పేట్ మాది. దూలపల్లిల లేత్ మిషన్ మీద పని జేస్త. గీ కాయితం మీద సంతకం వెట్టమంటున్నరు. నేను వెట్ట."

అనూహ్య కాగితం చదివింది. నౌక గోడలకు దొంగచాటుగా జిగురు పూసి పోటీలో మోసం చేశానని, క్షమించమని టైపు చేసి ఉంది. వచ్చే ఆదివారంలోగా సంతకం పెడితే ఏడాది నిషేధం, పెట్టకపోతే క్లబ్బు నుంచి శాశ్వతంగా బహిష్కారం.

"ఏడాదే గదమ్మా. సంతకం వెట్టి ఊకో, మళ్ల ఆడుకోవచ్చు" అన్నాడు లింగస్వామి.

"జేయని దొంగతనం జేసిన అని రాసిచ్చి ఆడాల్నా సార్? గట్లయితే దీన్ని మీ ముంగటనే ఇరగ్గొడ్త."

లింగస్వామి ఇరవై ఏళ్లు ఇన్సూరెన్సు సర్వేయరుగా పనిచేశాడు. కాలిపోయిన గోదాములో బూడిద చూసి, అది అంటుకుందో అంటించారో చెప్పేవాడు. ఆయన ఎవరినైనా ఇలా ఉడికించి చూశాడంటే కేసు తీసుకున్నట్టే లెక్కని రెండేళ్ల కొలువులో అనూహ్యకు బాగా తెలిసిపోయింది. ఆమె నోటుపుస్తకం తెరిచింది.

"కూసో. మొదటికెళ్లి చెప్పు" అన్నాడాయన.

మనీషా చెప్పింది. రావల్కోల్ దగ్గర ఒక తోటలోని నీటికుంటలో క్లబ్బువాళ్లు రిమోట్ నౌకలతో యుద్ధమాడతారు. అంతా ఉత్తుత్తి ఆట అనుకుంటే పొరపాటే. ఒక్కో నౌకలో గ్యాసుతో పేలే ఫిరంగులుంటాయి, అవి సైకిలు బేరింగుల్లాంటి ఉక్కు గోళీలను కొడతాయి. పక్కగోడలు మిల్లీమీటరు మందం ఉన్న బాల్సా అనే తేలికపాటి చెక్కతో చెయ్యాలి, గోళీ తగిలితే చిల్లు పడాలి, నీళ్లు ఎక్కితే నౌక మునగాలి. చెక్కను ఏ జిగురుతోనూ గట్టిపరచకూడదు. రోజుకు రెండు రౌండ్లు. మొదటి దాంట్లో మునిగిన నౌకనైనా పైకి తీసి, చిల్లులు పూడ్చి, రెండో దాంట్లో దింపుతారు.

"ఆరు నెలలు కూసోని కట్టిన సార్. కారు వైపర్ మోటరు, తలుపు బందులు, అన్నీ పాత సామానే. దీని పేరు దెబోరా, బైబిల్ల యుద్ధానికి నడిపించిన ఆమె పేరు. నిన్న పొద్దుగాల తొమ్మిది నిమిషాలల్ల హర్ష నౌకను ముంచింది. మూడేండ్ల సంది దాన్ని ఎవ్వలు ముంచలే."

"తర్వాత?"

"పదకొండు గంటలకు విరామం. నౌకను గట్టు మీది డేరాల వెట్టి నేను చర్చికి పోయిన, డోలక్ వాయించేది నేనే. వంద మంది జూసిన్రు. ఒంటిగంటకు వచ్చేటాల్లకు పరీక్ష అయిపోయిందన్నరు. రెండో రౌండుల దింపితే గోళీలు తాకి టక్కుటక్కున ఎగిరిపోతున్నయ్. హర్ష ఆట ఆపిండు. లోపల మొత్తం సూపర్ గ్లూ పూసి ఉన్నది. అందరి ముంగట నన్ను దొంగ అన్నరు."

లింగస్వామి నౌకను కిటికీ వెలుగుకు తిప్పాడు. గోడల మీద రంగురంగుల కాగితపు అతుకులు కనబడ్డాయి. పసుపువి తొమ్మిది, నీలంవి నాలుగు, తెల్లది ఒకటి.

"గివేంది?"

"మా క్లబ్బు పద్ధతి సార్. ఎవలు కొట్టిన చిల్లు వాళ్లే పూడ్వాలె, ఎవల రంగు కాయితం వాళ్లదే. పసుపు హర్షది, నీలం సుప్రజక్కది. తెల్లది జడ్జి పట్టాభిరామయ్య సార్‌ది. ప్రతి రౌండుకు ముందు ఆయన బరువున్న ఉక్కు కడ్డీని పైనుంచి ఇడుస్తడు. చెక్కకు చిల్లు పడితేనే పాస్. ఆ చిల్లు మీద తెల్ల కాయితం ఆయనే అతికిస్తడు."

లింగస్వామి గోటితో పసుపు అతుకును గీకాడు, తర్వాత నీలందాన్ని. అనూహ్యనూ ముట్టుకుని చూడమన్నాడు. పసుపు కాగితం గాజులా నున్నగా, గట్టిగా ఉంది. నీలం కాగితం మామూలు కాగితంలాగే గరుకుగా ఉంది. తెల్లది కూడా గాజులాగే ఉంది. ఆమె అదంతా రాసుకుంది గానీ ఎందుకో అర్థం కాలేదు. లింగస్వామి అప్పుడే చెప్పే మనిషి కాదు.

హర్షను మంగళవారం దూలపల్లిలో అతని ఫ్లాటులో కలిశారు. సాఫ్ట్‌వేరు ఉద్యోగి, ఓటమి ఇంకా మింగుడుపడలేదు.

"నా చిల్లులు నేను పూడ్చేసి బయటికొచ్చానండి. సుప్రజ గారు డేరా గుమ్మంలోనే నిలబడి తొందర పెడుతున్నారు. ఇద్దరం నా బండి మీద మేడ్చల్ వెళ్లి గ్యాసు సిలిండర్లు నింపించుకొచ్చాం. నాకేం తెలుసండీ మనీషా అలా చేస్తుందని?"

"ఆమె చేసిందని నీకెట్ల తెలుసు?" అన్నాడు లింగస్వామి.

సుప్రజ బ్యాంకులో పనిచేస్తుంది. ఆమె చెప్పిందీ అదే. "వచ్చాక నా నాలుగు చిల్లులూ పూడ్చాను. ఒక్కటే విచిత్రమండీ. చిల్లు అంచులు బ్లేడుకు లొంగలేదు. ఎండకు చెక్క బిగుసుకుందేమో అనుకున్నాను. అప్పుడే జడ్జి గారికి చెప్పాల్సింది, నాదే తప్పు."

పట్టాభిరామయ్య కొంపల్లిలో ఉంటారు. ఓడల కార్ఖానాలో ముప్పై ఏళ్లు డ్రాయింగులు గీసి రిటైరయ్యారు. హర్ష నౌక ఆయన గీసిన డ్రాయింగు ప్రకారం కట్టిందే. కాఫీ ఇప్పించి, పరీక్షల పట్టీ తెచ్చి చూపించారు. ఆదివారం, దెబోరా, మొదటి రౌండుకు ముందు పాస్, రెండో రౌండుకు ముందు పాస్. రెండు చోట్లా ఆయన సంతకమే.

"విరామంలో డేరా దగ్గర ఎవలున్నరు సార్?"

"నేను తప్ప ఎవరూ లేరు. మిగతావాళ్లంతా భోజనానికి వెళ్లారు. నా కన్నుగప్పి అందులోకి ఈగ కూడా దూరదు."

"రెండోసారి కూడ కడ్డీ ఇడిసిన్రా?"

"విడవకుండా సంతకం ఎలా పెడతానయ్యా? పరీక్షయ్యి, చిల్లు మీద నేను కాగితం అతికించాక, నీళ్లలోకి దింపేముందు ఆవిడ గ్లూ రాసుకుని ఉంటుంది. ఇలాంటి మనుషులకు రూల్సు ఒంటబట్టవు."

బయటికొచ్చాక అనూహ్యకు ఒళ్లు మండిపోయింది. ఇలాంటి మనుషులంటే ఎలాంటి మనుషులు? అయినా హర్షే చేసుంటాడని ఆమె గట్టి నమ్మకం. ఆ మాటే అంది.

"హర్ష కోపంల ఉన్నడు, నిజమే" అన్నాడు లింగస్వామి. "కోపమున్నోడల్లా దొంగయితే, పొద్దుగాల్నుంచి నువ్వే పెద్ద దొంగవు."

ఆదివారం పొద్దున కుంట గట్టు మీది డేరాలో క్లబ్బువాళ్లు పదిమందీ చేరారు. దెబోరా బల్ల మధ్యలో ఉంది. మనీషా చేతులు కట్టుకుని దాని పక్కనే నిలబడింది. పట్టాభిరామయ్య క్షమాపణ కాగితం మడత విప్పి, జేబులోంచి పెన్ను తీశారు.

"పెన్ను జర ఆపుండ్రి సార్" అన్నాడు లింగస్వామి. "అందరు ఒక్కొక్కలు వచ్చి పసుపు అతుకు ముట్టుండ్రి. తర్వాత నీలంది ముట్టుండ్రి."

అందరూ ముట్టుకున్నారు. తేడా వేళ్లకే తెలిసింది.

"గ్లూ లోపల పూస్తే బాల్సా పీల్చుకుంటది, బయటికి ఊరుతది. అప్పటికే బయట కాయితం ఉంటే అది గూడ తాగి గట్టిపడుతది. పసుపు అతుకులు గ్లూ తాగినయ్. నీలంవి తాగలే. అంటే హర్ష అతికించినంక, సుప్రజమ్మ అతికించకముందే గ్లూ పడ్డది. ఆ నడుమ వాళ్లిద్దరు ఒక్క బండి మీద మేడ్చల్‌ల ఉన్నరు. మనీషా చర్చిల డోలక్ వాయిస్తున్నది, నేను పాస్టరును అడిగిన. సుప్రజమ్మ తిరిగొచ్చేటాల్లకే చిల్లుల అంచులు బ్లేడుకు తెగలే."

సుప్రజ తలూపింది.

"మరైతే నా పరీక్షలో పాసెలా అయింది?" పట్టాభిరామయ్య గొంతు గట్టిగానే ఉంది. "గ్లూ అప్పటికే ఉంటే కడ్డీ దిగదు కదా."

"గదే నేను అడుగుదామనుకున్న. రెండు పరీక్షలు, రెండు చిల్లులు, రెండు తెల్ల అతుకులు ఉండాలె. ఈడ ఒక్కటే ఉన్నది. అది గూడ గ్లూ తాగింది, అంటే పొద్దుగాల్ది. రెండోది ఏది సార్?"

"నీళ్లలో తిరిగింది. కాగితం రాలిపోయుంటుంది."

"కాయితం రాలిపోతది సార్. చిల్లు ఏడికి పోతది?"

హర్ష నౌకను ఎత్తి నాలుగు పక్కలా చూశాడు. అతుకు లేని చిల్లు ఒక్కటీ లేదు. అతను నౌకను కిందపెట్టి పెద్దాయన ముఖంలోకి చూశాడు.

"మీరు రెండో పరీక్ష చెయ్యలే" అన్నాడు లింగస్వామి. "చేస్తే అప్పుడే ఫెయిలయితుండె. ఆ పిల్ల కొత్త చెక్క బిగించుకుంటుండె, అంతే. మీకు గది చాలదు. నడి ఆటల, పదిమంది ముంగట ఆమె దొంగ కావాలె. డేరాల ఈగ గూడ దూరలేదని మీరే అన్నరు. గ్లూ డబ్బా పట్టుకున్నది మీరే."

పట్టాభిరామయ్య కుర్చీలో కూలబడ్డారు. చాలాసేపు పెన్ను మూత తీసి పెడుతూ ఉన్నారు.

"ముప్పై ఏళ్లు గీశానయ్యా" అన్నారు చివరికి. "అలాంటిది తలుపు బందులూ వైపరు మోటారూ పెట్టి, లేతు మీద పని చేసుకునే పిల్ల తొమ్మిది నిమిషాల్లో ముంచేసింది. ఆ రోజు నాకు తిండి సహించలేదు."

ఆయన క్షమాపణ కాగితాన్ని రెండుగా చింపారు. పోయిన ఆదివారం గెలుపు మనీషాదేనని రాసిస్తానన్నారు. అనూహ్యకు ప్రాణం లేచొచ్చింది. మనీషా మాత్రం తల అడ్డంగా ఊపింది.

"మీరిచ్చే గెలుపు నాకొద్దు సార్. అప్పుడు మీరు రాస్తే దొంగనయిన, ఇప్పుడు మీరు రాస్తే దొరనయితనా?"

సంచిలోంచి కొత్త బాల్సా రేకులు తీసింది. అందరూ చూస్తుండగా గట్టిపడ్డ గోడలు ఊడబెరికి, కొత్తవి బిగించింది. రెండు గంటలు పట్టింది, ఎవరూ కదల్లేదు. కడ్డీ సుప్రజ విడిచింది. అది సుతారంగా చెక్కలోకి దిగిపోయింది.

కుంటలోకి దెబోరా, ఎదురుగా హర్ష నౌక. మొదటి రెండు నిమిషాలు హర్ష గోళీలన్నీ నీళ్లలోకే పోయాయి. కావాలనే గురి తప్పిస్తున్నాడని గట్టు మీది అందరికీ తెలుస్తోంది.

"హర్షా, జాలి వడకు" అంది మనీషా. "మంచిగ కొట్టు. నేను కొడుతలేనా?"

అతను కొట్టాడు. ఆమె కొట్టింది. దెబోరా ఎడమ గోడకు ఒకదాని వెంట ఒకటి చిల్లులు పడ్డాయి. నౌక ఒరిగింది, ముందుభాగం నీళ్లలోకి వెళ్లింది, ఆపైన మొత్తం మునిగిపోయింది. ఆరు నెలల కష్టం కళ్లముందే నీళ్లలోకి పోతుంటే అనూహ్యకు ఏడుపొచ్చింది.

మనీషా నడుం లోతు నీళ్లలోకి దిగి దెబోరాను పైకి తీసింది. గోడల్లోంచి పది పన్నెండు చోట్ల నీళ్లు కారుతుండగా తెచ్చి పట్టాభిరామయ్య ముందు బల్ల మీద పెట్టింది. తడి చేతులు చున్నీకి తుడుచుకుంది.

"మునిగింది సార్" అంది తలెత్తి. "గిట్లనే మునుగుతది నాది. ఇగ దొంగ అననీకి ఎవలన్న ఉంటే, నా ముంగటికి వచ్చి అనమనుండ్రి."