చిటికెనవేలంత సందు

చొక్కా మీద ఎండిన నెత్తురుతో ఫిట్టరు డిటెక్టివ్ గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“నా బావమరిది కన్ను పోయిందండీ. నా వల్లే పోయిందంటున్నారు. మా ఆవిడ ఆస్పత్రిలో నా మొహం కూడా చూడటం లేదు.”

డిటెక్టివ్ మెల్లగా సంగతంతా రాబట్టాడు. నిన్న పొద్దున ఫిట్టరు బిగించిన కొత్త చెరకు మిల్లును మొదటిసారి తిప్పారు. బావమరిది గడలు అందిస్తున్నాడు. ఉన్నట్టుండి పై రోలరు పగిలి, ముక్క ఎగిరి కంట్లో తగిలింది. ఇంజను దగ్గరున్న ఫిట్టరు పరుగెత్తి, అతన్ని ఒళ్ళో వేసుకుని ఆస్పత్రికి పోయాడు. మళ్ళీ మిల్లు మొహం చూడలేదు. సాయంత్రం యజమాని వెళ్ళి చూస్తే రోలర్ల మధ్య గోరు కూడా దూరలేదట. అతిగా బిగించింది ఫిట్టరేనని పోలీసులకు రాసిస్తానన్నాడు.

“నువ్వు పెట్టిన సందు ఎంత?”

“చిటికెనవేలంత. కొత్త కోడల్నీ కొత్త మిల్లునీ మొదటిరోజే బిగించకూడదండీ.”

పక్కనున్న డిటెక్టివ్ సహాయకుడు నవ్వబోయి మానుకున్నాడు.

మిల్లు షెడ్డంతా పులిసిన వాసన. డిటెక్టివ్ నిన్నటి పిప్పి గుప్పెడు తీసి పిండాడు. వేళ్ళ మధ్యనుంచి రసం కారింది. తర్వాత రోలర్ల పక్కనున్న బిగింపు మరల మీద టార్చి వేశాడు. చిందిన రసం ఎండి పొర కట్టింది. రెండు మరల మీద మాత్రం ఆ పొర చిట్లి ఉంది. అక్కణ్ణుంచి చీమల బారు గోడవారగా ఆఫీసు గదిలోకి, బల్ల సొరుగులోకి సాగింది.

“ఈ గది తాళం ఎవరి దగ్గరుంటుంది?”

“నా దగ్గరే,” అన్నాడు యజమాని అల్లుడు. “నిన్న అందరూ ఆస్పత్రికి పోతే కాపలా ఉన్నది నేనొక్కణ్ణే. పానా మాత్రం ముట్టుకోలేదు.”

“పానా సంగతి నేనడగలేదే!”

బయటికి వస్తూ సహాయకుడు గొంతు తగ్గించాడు. “గురువుగారూ, చీమల్ని కూడా సాక్ష్యానికి పిలుస్తారా?”

“పిలవొచ్చు. అవి ఎవరికీ అల్లుళ్ళు కావు.”

డిటెక్టివ్ అందర్నీ ఆస్పత్రి వరండాకు రప్పించాడు. ఫిట్టరు భార్య బెంచీ మీద గోడవైపు తిరిగి కూర్చుంది. సొరుగులో దొరికిన మూటను అతను ఆమె ముందే విప్పాడు. రసం అంటిన పానా, విరిగి వంకరపోయిన ఇనప కడ్డీ కొస బయటపడ్డాయి.

“గోరు దూరని సందులోంచి వస్తే పిప్పి పొడిపొడిగా ఉండాలి. ఇది తడి పిప్పి. అంటే మిల్లు తిరిగినప్పుడు సందు వదులుగానే ఉంది. రసం ఎండాక మరలు బిగించారు. అప్పటికి ఫిట్టరు ఇక్కడున్నాడు. మిల్లులో ఉన్నది అల్లుడొక్కడే.”

అల్లుడు తల దించుకున్నాడు. “గడలు ఇరుక్కున్నాయి. గడలు అందించేవాడు వంగి ఇంకో మోపు ఎత్తుకుంటుంటే కడ్డీతో పొడిచాను. మిల్లు కడ్డీని లాగేసుకుంది, రోలరు పగిలింది. మామయ్యకు తెలిస్తే చంపేస్తాడని...”

యజమాని గొంతు సవరించుకున్నాడు. “ఇంటి అల్లుడండీ. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. మనలో మనం సర్దుకుందాం.”

“ఆ కన్ను సర్దగలరా? పోలీసులకు కాగితం నేను రాసేశాను.”

ఫిట్టరును ఎవరూ క్షమించమని అడగలేదు. డబ్బున్నవాళ్ళకు ఆ అలవాటుండదు. అతని భార్య మాత్రం ఇటు తిరిగి, మనిషి కూర్చునేంత సందిచ్చి జరిగింది.

నిన్నటినుంచి నిలబడే ఉన్న ఫిట్టరు అప్పుడు కూర్చున్నాడు.