ఊదారంగు ఉప్పు

సరూర్‌నగర్ చెరువు గట్టు మీద పొద్దున్నే వాకింగ్‌కు వెళ్ళిన ప్రొఫెసర్ బాపిరాజు ఇంటికి తిరిగి రాలేదు. ఒక్కటే తూటా. సైలెన్సర్ పుణ్యమా అని పక్కన నడిచేవాళ్ళు కూడా తలతిప్పి చూడలేదు.

పావుగంటలో మన్సూరాబాద్‌లోని ఒక అద్దెయింట్లో ఫోన్ మోగింది.

"సాంబమూర్తిగారున్నారా?"

"అన్నవరం వెళ్ళారు."

"ఎప్పుడొస్తారు?"

"వ్రతం అయ్యాక."

కోడ్ సరిపోయింది. అవతల బ్యూరో చీఫ్ విశ్వేశ్వరరావు. ఇవతల ఏజెంట్ మహేందర్, నలభై రెండేళ్ళవాడు. కాలనీవాళ్ళకు మాత్రం దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పే సారు.

"బాపిరాజును లేపేశారు. ల్యాబ్ ఫ్రిజ్‌లో శాంపిల్ లేదు. వాళ్ళ కొరియర్ దాన్ని ఈ రోజే నీ ఏరియాలో అందుకుంటాడు."

ఏడు నెలలుగా మహేందర్ కాపలా కాస్తున్నది ఆ శాంపిల్‌కే. చూడటానికి గుప్పెడు ఉప్పు. సముద్రతీరపు ఉప్పుమడుల్లో, వేరే ఏ ప్రాణీ బతకలేనంత ఉప్పదనంలో హాయిగా బతికే సూక్ష్మజీవులు అందులో ఉన్నాయి. నీళ్ళు ఇగిరిపోతే అవి ఉప్పు పలుకుల లోపలే, కంటికి కనబడని చుక్కంత చెమ్మలో, ఏళ్ళ తరబడి నిద్రపోతాయి. వాటి ఒంట్లోని ఊదారంగు ప్రొటీన్ మీద వెలుతురు పడితే కరెంటు పుడుతుంది. దాంతో క్షిపణికి కన్ను తయారు చేయొచ్చని బాపిరాజు పదకొండేళ్ళు కష్టపడి తేల్చాడు.

"దొరికితే తీసుకురా. దొరక్కపోతే మంచినీళ్ళల్లో కలిపెయ్. ఉప్పు తగ్గితే ఆ జీవులు పగిలి చస్తాయి. దేశం మాత్రం దాటకూడదు."

ఫోన్ పెట్టేసి వేదవతికి చెప్పాడు. కాలనీ దృష్టిలో ఆమె అతని భార్య. బ్యూరో ఫైల్లో విశాఖ యూనిట్ ఆఫీసర్. పట్టుచీర కట్టినా నూలుచీర కట్టినా వీధి వీధంతా తిరిగి చూసే మనిషి.

"మీరు దిల్‌సుఖ్‌నగర్ చూడండి. ఇంటావిడ అండాలమ్మగారితో నేను ఎల్బీనగర్ చౌరస్తాకు వెళ్తాను. అక్కడ ఉద్యమంవాళ్ళ వంటావార్పు ఉందిగా, నడిరోడ్డు మీదే, జనం బాగా ఉంటారు" అందామె.

తెలంగాణ కోసం సకలజనుల సమ్మె జరుగుతున్న రోజులు. బస్సుల్లేవు, షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి. ఎప్పుడూ కాలు పెట్టే సందుండని దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద మహేందర్ ఒక్కడే నడిచాడు. చొక్కా గుండీలో కెమెరా, చేతి వాచీలో ట్రాన్స్‌మిటర్. ఆ వాచీలో చీఫ్ గొంతు కంటే ఎఫ్ఎం పాటలే ఎక్కువ వినబడేవి. పదహారేళ్ళ సర్వీసులో అతనికి తొమ్మిది పేర్లు, పద్నాలుగు ఊళ్ళు. సాయంత్రం ఇంటికొస్తే తలుపు తీసే మనిషి ఉండటం ఈ ఏడు నెలల్లోనే చూశాడు. ఈ కేసు తేలకుండా ఇంకో ఏడాది సాగితే బాగుండునని లోలోపల మొక్కుకున్నాడు కూడా. సిగ్గులేని మొక్కే, ఏం చేస్తాం!

అనుమానించాల్సిన మనిషి ఒక్కడూ కనబడలేదు. ఎల్బీనగర్‌కు నడక సాగించాడు. ఆమె పక్కన కూర్చుని నాలుగు ముద్దలు తినాలనిపించింది, అంతే.

చౌరస్తాలో పొయ్యిలు మండుతున్నాయి. డప్పులు, నినాదాలు. గుండిగలో ఎసరు మరుగుతోంది. మెడలో కండువా వేసుకున్న ఒక యువకుడు బైక్ స్టార్ట్‌లోనే ఉంచి వేదవతి ముందు అరచెయ్యి చాచాడు. ఆమె కొంగులోంచి ఒక పొట్లం తీసి ఆ చేతిలో పెట్టింది.

అండాలమ్మ కేకేసింది. "గదేంది బిడ్డా, ఉప్పు చేతికిస్తరా? కింద పెట్టాలె, ఆయన తీసుకోవాలె. కొట్లాటలైతయ్!"

మహేందర్ కాళ్ళు ఆగిపోయాయి. ఉప్పు కోసం అరచెయ్యి చాచేవాడు ఈ గడ్డ మీద పుట్టి పెరిగినవాడు కాడు. మరి వేదవతి? ఏడు నెలలు అతని కంచం పక్కన ఉప్పుగిన్నె కింద పెట్టిందే తప్ప ఒక్కనాడూ చేతికివ్వలేదు. ఆమెకు తెలియక కాదు. ఆ పొట్లాన్ని ఇంతమంది కాళ్ళ మధ్య నేల మీద పెట్టే ధైర్యం లేక. పల్చటి కవర్లోంచి ఉప్పు లేత ఊదారంగులో కనబడింది.

"టార్గెట్ చౌరస్తాలో! టీమ్ ఎక్కడ?"

"రోడ్లన్నీ బ్లాక్. పది నిమిషాలు" అంది వాచీ.

పది నిమిషాలెక్కడివి? బైక్ గేరు పడింది. మహేందర్ ఒక్క దూకు దూకి పొట్లం పట్టుకున్నాడు. యువకుడి చెయ్యి కండువా కిందికి పోయింది, పిస్టల్ గొట్టం మహేందర్ డొక్కలో ఆనింది. మహేందర్ పళ్ళతో కవరు చించి, ఉప్పంతా మరిగే ఎసట్లోకి విసిరాడు. ట్రిగ్గర్ మీద వేలు బిగిసేలోపు అండాలమ్మ తెడ్డు ఆ మణికట్టు మీద పడింది. పిస్టల్ ఎగిరి రోడ్డు మీద పడింది. జనం ఆ యువకుణ్ణి చుట్టుముట్టేశారు.

"చెప్తి గద, కొట్లాటైతదని!" అంది అండాలమ్మ.

పదకొండేళ్ళ పరిశోధన రెండు పొంగుల్లో పోయింది. వేదవతి పారిపోలేదు. పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది.

"ప్రొఫెసర్‌గారిని చంపుతారని నాకు చెప్పలేదు" అంది తలెత్తకుండా. "అన్నం ఉడికాక వెళ్దాం. పొద్దుట్నుంచీ మీరేం తినలేదు."

అడగాల్సిన ప్రశ్నలు వంద ఉన్నాయి. అందులో బ్యూరోకి పనికిరాని ప్రశ్న ఒక్కటే, అతనికి కావలసింది కూడా అదే. అడగలేదు. ఆమె విస్తరి వేసింది. టీమ్ వచ్చేదాకా పక్కపక్కనే కూర్చుని తిన్నారు.

మెడల్ వస్తుందనీ, ఎవరికీ చెప్పకూడదనీ చీఫ్ చెప్పాడు. చెప్పుకోవడానికి ఎవరున్నారు గనుక!

వారం తర్వాత అండాలమ్మ తలుపు కొట్టింది.

"సారూ, అమ్మ పుట్టింటికెల్లి ఎప్పుడొస్తది?"

"రాదమ్మా."

అండాలమ్మ కాసేపు చెంగుతో కళ్ళొత్తుకుంది. నిజంగానే బాధపడింది పాపం. పోతూ పోతూ గడప దగ్గర ఆగింది.

"ఏమనుకోకు బిడ్డా. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యి. బ్యాచిలర్లకు మేం కిరాయికియ్యం."