గంగారంలో ఆన్ కాని సిస్టమ్

జనగామ బైపాస్ మీద ఎదురుగా వస్తున్న లారీకి నంబర్ ప్లేట్ లేదని ఖాసిం గమనించేసరికే ఆలస్యమైపోయింది.

బైకు ఎగిరి పొలంలో పడింది. లారీ ఆగింది. గ్లవ్స్ తొడుక్కున్న మనిషి దిగాడు. ఖాసిం జేబులోని పెన్‌డ్రైవ్ తీసుకుని, ఊపిరి ఆడటం లేదని నిర్ధారించుకుని, తాపీగా మళ్లీ లారీ ఎక్కాడు.

ఆ పెన్‌డ్రైవ్‌లో ఎవరివో పెళ్లి ఫొటోలు తప్ప ఏమీ లేవు. అసలు ఫైలు గంగారంలో, ఖాసిం ఇంట్లోని పాత డెస్క్‌టాప్‌లో ఉంది.

"షిఫ్ట్ మారేలోపు ఆ ఫైలు మన చేతికి రావాలి," అన్నాడు చీఫ్ వెంకటేశ్. మహబూబాబాద్ గెస్ట్‌హౌస్‌లో కిటికీలన్నీ మూసిన గది. ఎదురుగా ఏజెంట్ సేవ్యా.

"టార్గెట్ ఏంది సార్?"

"భూపాలపల్లి దగ్గర ఒక ప్రైవేటు బొగ్గుగని. లోపలికి గాలి పంపే ఫ్యాన్ల కంట్రోల్ సిస్టమ్‌లోకి విదేశీ ముఠా మాల్‌వేర్ ఎక్కించింది. షిఫ్ట్ మారే టైముకు ఫ్యాన్లు ఆగిపోతాయి. గ్యాస్ మీటర్లు మాత్రం అంతా బాగుందనే చూపిస్తాయి."

"కార్మికులను పైకి తెస్తే?"

"గనిలో వాళ్ల మనిషి ఉన్నాడు. ఒక్కరు పైకొచ్చినా బటన్ నొక్కేస్తారు. స్టాప్ కోడ్ ఒక్కటే దారి. అది ఖాసిం ఫైల్లో ఉంది. డిస్క్ ఊడదీసి వేరే సిస్టమ్‌కు పెడితే తెరుచుకోదు, అలా లాక్ చేశాడు. ఆ డబ్బానే ఆన్ కావాలి. బ్యాకప్‌గా ప్రియ వస్తుంది."

ప్రియ ముఠాలో ఉంటూనే డిపార్ట్‌మెంట్‌కు సమాచారం అందించే అందగత్తె. ఆమెకు ఖాసిం పేరు చెప్పింది సేవ్యాయే.

అసలు ఖాసింను ఇందులోకి దింపిందీ అతనే. ముఠా మనిషి ఒకడు చెడిపోయిన ల్యాప్‌టాప్‌ను ఖాసిం రిపేరు షాపుకు తెచ్చాడు. అందులోంచి ఒక్క ఫైలు కాపీ చేయమని సేవ్యా అడిగాడు. హాస్టల్లో ఒకే కంచంలో తిన్న స్నేహం వాళ్లది. "నీకేం గాదు, నేనున్న గద," అన్నాడు. ఖాసిం నవ్వాడు. "సరే తియ్. నాకేమన్న అయితే మా ఇంటామెకు గీ మాట చెప్పు. తొర్రూరు బస్సు ఇయ్యాల ఖాళీగొచ్చింది. మిగతాది ఆమె చూస్కుంటది."

గంగారంలో సేవ్యా భుజాన టూల్ బ్యాగు, చెవిలో గింజంత ఇయర్‌పీస్. ఖాసిం భార్య ఫిర్దౌస్ ఇద్దత్‌లో ఉంది, భర్త పోయాక పరాయి మగవాళ్లకు కనబడకుండా ఉండే గడువు అది. లోపలి గది గుమ్మానికి వేలాడుతున్న పరదా వెనక నుంచే మాట్లాడింది.

"ఎవరు భయ్యా?"

కోడ్‌వర్డ్ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే, మీ ఆయనను పంపించింది నేనే అని చెప్పినట్టే. సేవ్యా బ్యాగు కింద పెట్టాడు.

"కంప్యూటర్ మెకానిక్‌నమ్మా. గిండ్ల కస్టమర్ల ఫైళ్లున్నయట. తీసుకపోదామని వచ్చిన."

"చూడుండ్రి."

పవర్ బటన్ నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. ప్లగ్గులో టెస్టర్ పెడితే వెలిగింది. కరెంటు ఉంది. కేబుల్ మార్చాడు. లాభం లేదు. మూత విప్పి, ర్యామ్ తీసి తుడిచి మళ్లీ పెట్టాడు. బటన్ వైరు పీకి, స్క్రూడ్రైవర్‌తో రెండు పిన్నులను కలిపి చూశాడు. కదలిక లేదు. చివరికి లోపలి భాగాలకు కరెంటు పంపే ఎస్‌ఎంపీఎస్ ప్లగ్గు మదర్‌బోర్డు నుంచి ఊడదీసి, ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు పిన్నీసుతో కలిపాడు. పవర్ బాగుంటే దాని ఫ్యాన్ తిరగాలి. తిరగలేదు.

ఎస్‌ఎంపీఎస్ చచ్చిపోయింది. ఆ పాత మోడల్‌కు సరిపోయేది దొరకాలంటే వరంగల్ పోవాలి. అంత టైము లేదు.

"మీరు ఆయనకు దోస్తా భయ్యా?" పరదా వెనక నుంచి ప్రశ్న.

"లేదమ్మా. నాకు తెల్వదు."

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు వినబడింది. "సేవ్యా, రెండో షిఫ్ట్ వాళ్లు దిగుతున్నారు. మొదటి షిఫ్ట్ వాళ్లు ఇంకా లోపలే ఉన్నారు. కోడ్ ఏది?"

సేవ్యా లేచి పరదా ముందు నిలబడ్డాడు.

"భాభీ... తొర్రూరు బస్సు ఇయ్యాల ఖాళీగొచ్చింది."

లోపల గాజులు లేని చేతులు దేన్నో జరుపుతున్న అలికిడి. తర్వాత చాలా నెమ్మదిగా, "వచ్చినప్పుడే ఎందుకు చెప్పలే?"

"మీ మొహం చూడనీకి ధైర్యం రాలే."

"నేను పరదా వెనకున్న. నా మొహం మీకెట్ల కనవడ్తది?"

పరదా కిందనుంచి, పాత దుప్పటిలో చుట్టిన మూట ముందుకు జరిగింది. అందులో మంచి ఎస్‌ఎంపీఎస్. కాలిపోయినదాన్ని డబ్బాలో బిగించి, దీన్ని ఆమెకిచ్చి వెళ్లాడు ఖాసిం.

ప్లగ్గులు బిగించాడు. బటన్ నొక్కాడు. ఫ్యాన్ గుర్రుమంది. స్క్రీన్ మీద నెమ్మదిగా వెలుగొచ్చింది. ఫైలు తెరుచుకుంది.

"చీఫ్, రాసుకోండ్రి. ఎన్, సెవన్, కే..."

"చాలు సేవ్యా."

గుమ్మంలో ప్రియ. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్. "డిస్క్ తీసి ఇటివ్వు. నువ్వు మంచివాడివే. కాకపోతే పేర్లు తొందరగా చెప్పేస్తావు."

ఖాసింను ఎవరు పట్టిచ్చారో సేవ్యాకు అప్పుడర్థమైంది. ముఠాకు అందించింది ప్రియ. ప్రియకు అందించింది తను.

ప్రియ పిస్టల్ దించకుండా గోడవారగా కంప్యూటర్ వైపు జరిగింది. ఇప్పుడు పరదా సరిగ్గా ఆమె వీపు వెనక ఉంది.

"బీమా మేడం," అంది ఫిర్దౌస్ లోపలి నుంచి. "బీమా అని ఫోన్ జేసి, మా ఆయన జనగామ ఎప్పుడు పోతడని అడిగినవ్ గద. గొంతు గుర్తువట్టిన."

ప్రియ తల తిప్పేలోపే పరదా కడ్డీతో సహా ఊడి ఆమె మీద పడింది. పిస్టల్ పేలింది. గుండు పైకప్పు రేకుల్లోకి పోయింది. ఫిర్దౌస్ తన బరువంతా వేసి ఆ గుడ్డను కిందికి అదిమిపట్టింది.

"చదువు భయ్యా! ఇంక జూస్తవేంది!"

సేవ్యా చదివాడు. చివరి అక్షరం దాకా చదివాడు. ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "ఫ్యాన్లు ఆగబోయి మళ్లీ అందుకున్నాయి. అందరూ క్షేమం."

ప్రియ చేతులకు కేబుల్ కట్టి లేచాక సేవ్యా మొదటిసారి ఫిర్దౌస్ మొహం చూశాడు. వయసులో ఖాసిం కంటే చాలా చిన్నది. కొంగు తల మీదికి లాక్కుని నిలబడింది.

"ఆయనను అడిగింది నేనే భాభీ. ఏం గాదని చెప్పింది గూడ నేనే. గీ ప్రియకు పేరు చెప్పింది నేనే."

"మీ పేరు సేవ్యా గద. ఆయన చెప్పిండు." ఆమె కళ్లు తుడుచుకోలేదు. "గనిల మా అన్న పనిచేస్తడు. ఇయ్యాల ఇంటికొస్తడు. గందుకు మీకు శుక్రియా. ఆయన సంగతిల మాత్రం మాఫ్ చెయ్య. చెయ్యమని అడగకుండ్రి."

"అడగ."

సేవ్యా ఊడిన కడ్డీని మళ్లీ గోడకు బిగించి, పరదా సరిచేసి బయటికొచ్చాడు. జీపులో కూర్చున్నాక చీఫ్ ఫోన్ చేశాడు.

"కంగ్రాట్స్. రిపోర్టుకు ఒక్క వివరం కావాలి. ఆ కంప్యూటర్ అంతసేపు ఎందుకు ఆన్ కాలేదు? ఫాల్ట్ ఎక్కడుంది?"

సేవ్యా జీపు స్టార్ట్ చేశాడు.

"మెకానిక్‌లనే ఉంది సార్."