రెండు మట్టల మోకాలు

పొద్దున్నే పొయ్యి రాజేసి, మహాలక్ష్మమ్మ రెండు కొబ్బరి మట్టలు తెచ్చి అరుగు మీద పెట్టింది. ఒకటి తొడ, ఒకటి పిక్క. కాయలు కొనడానికి అంబాజీపేట నుంచి వచ్చిన బేరగాడు అదేమిటని అడిగితే, మా అబ్బాయి మోకాలండీ అని చెప్పింది. ఆయన కాసేపు చూసి, కాయల ఊసెత్తకుండానే వెళ్లిపోయాడు.

చెడుగుడు ఆటలో కొడుకు మాణిక్యాలరావు మోకాల్లో నరం తెగి రెండు నెలలైంది. నాలుగడుగులు వేస్తే కాలు పక్కకు జారుతోంది. కాకినాడ డాక్టరుగారు తొడ పైపొరలోంచి పట్టె కోసి, ఎముకకు కన్నం పెట్టి బిగిస్తానన్నారు. బాగా గట్టిగా ఉంటుందట, కాని కాలు పూర్తిగా ముడవదట. విశాఖపట్నం డాక్టరుగారు మోకాలి వెనకనున్న నరాన్నే తిప్పి కడతానన్నారు. కాలు ముడుచుకుంటుందట, కాని కొన్నేళ్లకు కాస్త వదులు కావచ్చట.

కోడలు గంగాదేవి విశాఖపట్నమే మేలని మట్టలకు సన్నటి పీచుతాడు కట్టి, ముడిచి చూపించేది. అత్తగారు కాకినాడే మేలని అది విప్పేసి, పాత చీర అంచు చింపి బిగించేది. మూడు రోజులుగా ఇదే వరస. ఆ పూట బిగింపు ఎంత గట్టిదో చూడమని కోడల్నే దాని మీద నిలబెట్టింది. మట్ట విరిగింది. కట్టు మాత్రం కదల్లేదని అత్తగారు సంబరపడింది.

"విరిగింది ఆయన కాలే కదండీ అత్తయ్యగారూ," అంది గంగాదేవి. ఆపైన ఆగలేకపోయింది. "గట్టిదని కాదండీ మీకు. కాలు ముడవకపోతే ఖరగ్‌పూర్‌లో రైల్వేవాళ్లు ఉద్యోగంలోకి తీసుకోరని."

మహాలక్ష్మమ్మ విరిగిన మట్ట తీసి పక్కన పెట్టింది. కాకినాడ రేవులో ఓడెక్కి చెయ్యి ఊపిన భర్త రంగూన్ నుంచి మళ్లీ రాలేదు.

"అవునే. కుంటితే నా కళ్లెదుటే కుంటుతాడు," అంది.

లోపల చద్దన్నం తింటున్న మాణిక్యాలరావు అంతా విన్నాడు. ముడవలేక చాపిన కాలు గుమ్మం దాకా వచ్చింది. కంచం అందక పక్కకు ఒరిగి తింటున్నాడు. సగం మెతుకులు నేల మీదే ఉన్నాయి. పెరుగు వెయ్యబోయిన తల్లి ఆ కాలు దాటలేక, పెరటి గుమ్మంలోంచి చుట్టూ తిరిగి వచ్చింది.

"అలవాటైపోతుందిలే అమ్మా. కాకినాడే కానీ," అన్నాడు తలెత్తకుండా.

ఆమె మెతుకులకేసి చూసింది. బతుకంతా ఇలాగే తింటాడా?

"విశాఖపట్నానికే ఉత్తరం రాయించవే," అంది కోడలితో. "సెలవులకు వచ్చినప్పుడైనా మఠం వేసుక్కూర్చుని తిననీ."

"ఆయ్, రాయిస్తానండీ."

మహాలక్ష్మమ్మ కళ్లు తుడుచుకుని, కంచం ఒళ్లోకి తీసుకుని ముద్ద కలిపింది. పాతికేళ్ల మాణిక్యాలరావు భార్య చూస్తోందని సిగ్గుపడుతూనే నోరు తెరిచాడు.